జిగురూ అదే, గింజా అదే: పిచ్ కార్బన్ పొడితో భాగాల తయారీపై ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే పద్ధతి గురించి. పిచ్ (తారు, పెట్రోలియంలోని తేలిక భాగాలు తీసేశాక మిగిలే నల్లని ముద్ద) నుంచి తీసిన మీసోఫేజ్ పొడిని వేరే బైండర్ (జిగురు) కలపకుండా నేరుగా ప్రెస్సులో నొక్కి, కాల్చి, సీల్ రింగులు, పంపు వేన్లు, బేరింగులు, ఎలక్ట్రోడ్లు చేయడం. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఇస్తున్నాం.

ప్ర: కోక్ (ముందే కాల్చిన కార్బన్) పొడిలో కరిగించిన పిచ్ కలిపి, నొక్కి, కాల్చడం మాకు అలవాటైన పని. ఈ కొత్త పొడికి బైండర్ అక్కర్లేదంటున్నారు. జిగురు లేకుండా గింజలు ఎలా అతుక్కుంటాయి?

జ: జిగురు లేకపోవడం కాదు, అది గింజలోనే ఉంది. కోల్‌తార్ పిచ్‌నో పెట్రోలియం పిచ్‌నో గాలి తగలకుండా 350 నుంచి 450 డిగ్రీల మధ్య ఉంచితే, అందులోని చదునైన పెద్ద అణువులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని సూక్ష్మమైన గోళాలుగా విడివడతాయి. ఆ గోళాలు ఎలా పుడతాయో, ఎలా పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయో 1965లో ఆస్ట్రేలియాకు చెందిన బ్రూక్స్, టేలర్ వివరించారు. ఆ దశకే మీసోఫేజ్ అని పేరు. గోళాలను సాల్వెంటు(కరిగించే ద్రవం)తో కడిగి పిచ్ నుంచి వేరు చేయవచ్చు. లేదా పిచ్ దాదాపు అంతా మీసోఫేజ్ అయ్యేదాకా ఆగి, చల్లార్చి, మెత్తగా మర పట్టవచ్చు. రెండు దారుల్లోనూ వచ్చేది ఈ పొడే.

గింజ ఇంకా పూర్తిగా కార్బన్ కాలేదు. అందులోనూ దాని పైనా కొంత తేలికపాటి భాగం మిగిలి ఉంటుంది. టోలీన్ అనే సాల్వెంటులో కరగకుండా, క్వినోలీన్ అనే సాల్వెంటులో కరిగే ఈ భాగాన్ని బీటా రెజిన్ అంటారు. నొక్కిన ముక్కను వేడి చేస్తే 350 దాటాక ఇది మెత్తబడి పక్క గింజను అంటుకుంటుంది. 500, 550 డిగ్రీలకల్లా గట్టిపడి, రెండు గింజల మధ్య కార్బన్ మెడ మిగులుతుంది. గింజ ఆకారం చెడకూడదు, ఒంటి మీద మాత్రం తడి ఉండాలి. పద్ధతి మొత్తం ఆ సన్నని హద్దు మీదే నడుస్తుంది.

మీ పాత పద్ధతిలో బైండర్ పిచ్ కాల్చేసరికి దాదాపు 40 శాతం ఆవిరై పోతుంది. అది ఖాళీ చేసిన చోటల్లా రంధ్రమే. అందుకే మళ్లీ పిచ్ ఎక్కించి మళ్లీ కాలుస్తారు. పైగా కోక్ ముందే 1200 డిగ్రీల పైన కాలి ఉంటుంది కనుక బైండర్ కుంచించుకున్నా కోక్ గింజ కదలదు. మీసోఫేజ్ పొడిలో బరువు నష్టం మొత్తం కలిపినా 10 శాతం దగ్గరే. గింజలన్నీ ఒక్కటిగా కుంచించుకుంటాయి కాబట్టి రంధ్రాలు మూసుకుంటూ వస్తాయి. ఒకే కాల్పులో ఘన సెంటీమీటరుకు 1.7 గ్రాముల సాంద్రత దాటడం అందువల్లే సాధ్యం.

ప్ర: సరఫరాదారు ఇచ్చిన కాగితంలో వొలటైల్ (వేడికి ఆవిరై పోయే భాగం) శాతం, టోలీన్‌లో కరగనిది, క్వినోలీన్‌లో కరగనిది, గింజ సైజు అని నాలుగు అంకెలున్నాయి. ముందు దేన్ని చూడాలి?

జ: వొలటైల్‌ను. మూత ఉన్న క్రూసిబుల్‌లో 1 గ్రాము పొడిని 900 డిగ్రీల ఫర్నేసులో 7 నిమిషాలు ఉంచి, తగ్గిన బరువు చూడటం పాత పరీక్షే అయినా అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. బైండర్ లేకుండా నొక్కే పొడికి 8 నుంచి 12 శాతం మధ్య ఉండటం మేలు. 6 శాతానికి పడిపోతే గింజల మీద తడి చాలదు. ముక్క ఆకారంగా బయటికొస్తుంది కానీ గోటితో గీస్తే సుద్దలా రాలుతుంది. 14, 15కు పోతే గింజలే మెత్తబడి, గ్యాస్ బయటికి వచ్చే దారులు మూసుకుని ముక్క ఉబ్బుతుంది.

మిగతా అంకెలు దీనికి తోడు. టోలీన్‌లో కరగనిది 95 శాతం పైన ఉండాలి. అందులోంచి క్వినోలీన్‌లో కరగనిదాన్ని తీసేస్తే వచ్చేదే బీటా రెజిన్. వొలటైల్ బాగానే ఉన్నా ముక్క అతుక్కోవడం లేదంటే చాలాసార్లు సాల్వెంటుతో అతిగా కడిగిన పొడి అయి ఉంటుంది. కడిగేటప్పుడు పిచ్‌తో పాటు గింజ మీది బీటా రెజిన్ కూడా పోయింది, లోపలి వొలటైల్ మాత్రం మిగిలింది.

గింజ సైజులో సగటు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. సగటు 8 మైక్రాన్లున్న పొడిలో 80 మైక్రాన్ల గింజలు కొన్ని పడితే, కాల్చాక వాటి చుట్టూ ఏర్పడే సందే ముక్క విరగడం మొదలయ్యే చోటు. పెళుసు పదార్థంలో బలాన్ని నిర్ణయించేది అతి పెద్ద లోపమే. కాబట్టి సగటు 5 నుంచి 10 మైక్రాన్లు, పై హద్దు 45 మైక్రాన్లు అని కొనుగోలు ఆర్డరులోనే రాయించండి. 45 మైక్రాన్ల జల్లెడ మీద ఏమైనా మిగిలితే ఆ డ్రమ్ము పక్కన పెట్టండి.

ఈ నాలుగు అంకెలూ సరిగ్గా ఉన్నా ఒక పరీక్ష మానొద్దు. ప్రతి డ్రమ్ము నుంచి 20 మి.మీ. వ్యాసం గల బిళ్లలు మూడు, ఒక్కొక్కటి 3 గ్రాములతో నొక్కి, ఉత్పత్తిలో వాడే షెడ్యూలులోనే కాల్చండి. ఉబ్బిందా, బీటలు వారిందా, ఎంత కుంచించుకుంది, సాంద్రత ఎంత. ఆ మూడు బిళ్లలు ల్యాబు కాగితం కంటే నిజం చెబుతాయి.

ప్ర: డై (అచ్చు) నుంచి బయటికి తోసేటప్పుడు బిళ్ల పై భాగం టోపీలా ఊడి వస్తోంది. ఒత్తిడి సరిపోలేదేమోనని 100 నుంచి 180 మెగాపాస్కల్‌కు పెంచాం. ఇంకా ఎక్కువైంది.

జ: ఒత్తిడి పెంచడమే పొరపాటు. ఈ పొడి చాలా మెత్తన, చాలా పలచన. పోసినప్పుడు ఘన సెంటీమీటరుకు 0.5 గ్రాము దగ్గర ఉంటుంది, నొక్కాక 1.28 అవుతుంది. అంటే 38 మి.మీ. ఎత్తు పోసింది 15 మి.మీ.కు దిగుతుంది. ఆ మధ్యలో ఉన్న గాలి అంతా పంచ్‌కూ (పొడిని నొక్కే కడ్డీకీ) డైకీ మధ్య సన్నని సందు గుండా పోవాలి. పంచ్ వేగంగా దిగితే పై పొర ముందు గట్టిపడి గాలిని లోపల బంధిస్తుంది. ఒత్తిడి ఎంత పెంచితే ఆ గాలి అంత నొక్కుకుని, పంచ్ లేవగానే అంత బలంగా విచ్చుకుంటుంది. దానికి తోడు గింజలు కూడా స్ప్రింగులా కొంచెం వెనక్కి వస్తాయి. డై అంచు దాటిన భాగం విచ్చుకుంటుంది, లోపలున్న భాగం ఇంకా బిగువుగానే ఉంటుంది. రెండింటి మధ్య కోత పడుతుంది. అదే టోపీ.

80 నుంచి 100 మెగాపాస్కల్‌కు తిరిగి రండి. ముందు 20 మెగాపాస్కల్ వరకు నెమ్మదిగా వెళ్లి, ఒక్కసారి ఒత్తిడి వదిలి గాలి పోనిచ్చి, మళ్లీ పూర్తి ఒత్తిడికి తీసుకెళ్లి 20 సెకన్లు ఆపండి. వదిలేటప్పుడు కూడా వాల్వు ఒక్కసారిగా తెరవకండి. డై నోటి దగ్గర పక్కకు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వాలు గ్రైండ్ చేయించండి, అప్పుడు బిళ్ల మెల్లగా విచ్చుకుంటుంది. బయటికి తోసేటప్పుడు పై పంచ్‌ను పూర్తిగా ఎత్తకుండా స్వల్ప ఒత్తిడితో బిళ్ల మీదే ఆనించి ఉంచగలిగితే టోపీ ఊడటం దాదాపు ఆగుతుంది. గోడకు మాత్రం స్టియరిక్ యాసిడ్‌ను సాల్వెంటులో కరిగించి పలచగా పూయండి. పొడిలో కలపొద్దు, అది గింజల మధ్య అడ్డొస్తుంది.

పొడి డైలోకి జారక గడ్డలు కడుతోంటే, 20 నుంచి 30 మెగాపాస్కల్ దగ్గర మెత్తని బిళ్లలు నొక్కి, చిదిపి, అర మిల్లీమీటరు జల్లెడ పట్టి రవ్వలా చేసుకోండి. ఈ రవ్వ వేళ్ల మధ్య నలిగిపోవాలి. గట్టి రవ్వ చేస్తే తుది నొక్కులో అది చిదరక, రవ్వకీ రవ్వకీ మధ్య సందులు అలాగే ఉండిపోతాయి. కాల్చాక మైక్రోస్కోపు కింద వాటిని సులువుగా గుర్తు పట్టవచ్చు.

ఒత్తిడి మితిమీరితే వచ్చే ఇంకో నష్టం ప్రెస్సు దగ్గర కనిపించదు, ఫర్నేసులో కనిపిస్తుంది. మరీ బిగిసిన ముక్కలో గ్యాస్ పోయే సన్నని దారులు మూసుకుంటాయి. నొక్కినప్పుడు మంచి సాంద్రత వచ్చిందని సంతోషించిన ముక్కే కాల్పులో పగలడం ఈ కారణంగానే.

ఎత్తు వ్యాసానికి సమానం దాటితే ఒకవైపు నొక్కే ప్రెస్సు పనికిరాదు. రెండు వైపులా నొక్కాలి, లేదా రబ్బరు సంచిలో పొడి పోసి, గాలి లాగేసి, నీటి ఒత్తిడితో అన్ని వైపులా నొక్కే ఐసోస్టాటిక్ పద్ధతికి వెళ్లాలి.

ప్ర: కాల్చిన బిళ్ల 50 మి.మీ. వ్యాసం రావాలి, మెషినింగుకు 1 మి.మీ. ఉంచుకోవాలి. ష్రింకేజ్ (సంకోచం) 12.5 శాతం అన్నారు. 51కి 12.5 శాతం కలిపి 57.4 మి.మీ. డై చేయించాం. మెషినింగుకు ఏమీ మిగలడం లేదు. ఎక్కడ తప్పింది?

జ: శాతం దేని మీద అన్నదే తప్పింది. ముక్క కుంచించుకునేది పెద్ద కొలత నుంచి. 57.4లో 12.5 శాతం పోతే మిగిలేది 50.2. మీరు ఉంచుకున్న 1 మి.మీ.లో 0.2 మాత్రమే మిగిలింది. కలపడం కాదు, భాగించాలి. 51ని 0.875తో భాగిస్తే 58.3. డై నుంచి బయటపడ్డాక బిళ్ల అర శాతం విచ్చుకుంటుంది కనుక దాన్ని 1.005తో భాగిస్తే డై వ్యాసం 58.0 మి.మీ.

ఆ డైకి ప్రెస్ సామర్థ్యం కూడా చూసుకోండి. 58 మి.మీ. వ్యాసానికి వైశాల్యం 2,642 చదరపు మి.మీ. 100 మెగాపాస్కల్ కావాలంటే సుమారు 27 టన్నుల బలం. 15 మి.మీ. మందం బిళ్లకు పొడి 51 గ్రాములు.

ఒక జాగ్రత్త. నొక్కిన దిశలోనూ అడ్డంగానూ సంకోచం ఒకేలా ఉండదు. మర పట్టిన పొడి గింజలు పలకల్లా పడుకుంటాయి కాబట్టి ఈ తేడా గోళాల పొడిలో కంటే వాటిలో ఎక్కువ. రెండు దిశలకూ మీ పొడితో, మీ ఒత్తిడితో కొలిచిన అంకె వాడాలి. డై స్టీలుకు ఆర్డరు పెట్టే ముందు పదేసి బిళ్లలు కాల్చి కొలవండి. సాంద్రత అంకెతో సరిచూసుకోవడం కూడా తేలికే: నొక్కినప్పుడు 1.28, బరువు నష్టం 10 శాతం, మూడు దిశల్లోనూ 12.5 శాతం సంకోచం అయితే 1.28ని 0.9తో గుణించి 0.67తో భాగించాలి. 1.72 వస్తుంది. కాలిన ముక్కను తూచి కొలిస్తే దానికి దూరంగా ఉందంటే కొలతల్లో ఏదో ఒకటి తప్పు.

ప్ర: ఒక విడత ముక్కలు ఉబ్బిపోతాయి, ఇంకో విడత ముక్కలు పగులుతాయి. ఫర్నేసు షెడ్యూలు మాత్రం ఒక్కటే. దేన్ని సరిచేయాలి?

జ: రెండు జబ్బులకూ మందు వేరు కాబట్టి ముందు ముక్కను పగలగొట్టి లోపల చూడండి.

లోపల గుండ్రని, మెరిసే గోడలున్న బుడగలు కనిపిస్తే, గింజలు అతిగా మెత్తబడ్డాయి, లోపలి గ్యాస్ వాటిని ఊదింది. ఇక్కడ దోషం పొడిది: వొలటైల్ ఎక్కువ. షెడ్యూలు ఎంత నెమ్మది చేసినా కొంతవరకే ఫలితం.

బుడగలు లేవు, బీట ఉంది అంటే బీట అంచులు చూడండి. అంచులు మొద్దుబారి, లోపలి ముఖం నునుపుగా ఉంటే అది ముక్క ఇంకా మెత్తగా ఉన్నప్పుడు, అంటే 500 డిగ్రీల లోపే పడింది. గ్యాస్ తోసి పడ్డ బీట అది. అంచులు కత్తిలా ఉంటే ముక్క గట్టిపడ్డాక పడింది. 550 నుంచి 800 మధ్య ముక్క బయట ముందు వేడెక్కి ముందు కుంచించుకుంటుంది, లోపల వెనకబడుతుంది. ఆ లాగుడుకు పగిలింది. లేదా చల్లబరచడంలో తొందరపడ్డారు. ఇక నొక్కిన దిశకు అడ్డంగా, బిళ్లకు సమాంతరంగా పొరలా విడివడితే ఫర్నేసుకు సంబంధం లేదు. ప్రెస్సులో పడిన టోపీ బీటే కంటికి కనిపించకుండా దాగి, ఇక్కడ నోరు తెరిచింది.

15 మి.మీ. మందానికి ఇలా మొదలుపెట్టండి. 300 డిగ్రీల దాకా గంటకు 60. అక్కడి నుంచి 550 దాకా గంటకు 10, అంటే 25 గంటలు. 550 నుంచి 800 దాకా గంటకు 20. 800 నుంచి 1000 దాకా గంటకు 50. పైన రెండు గంటలు ఆపి, ముక్కలకు గాలి తగలకుండా పంపే నైట్రోజన్ ఆపకుండా 200 లోపుకు దిగాకే తలుపు తెరవాలి. వేడెక్కే భాగమే రెండు రోజులు. గ్యాస్‌లో ఎక్కువ పాలు 350 నుంచి 550 మధ్యే వస్తుంది, అక్కడ ఆదా చేసిన ప్రతి గంటా తుక్కు డబ్బాలో తేలుతుంది.

మందం రెట్టింపు చేస్తే వేగం సగం చేస్తే చాలదు. గ్యాస్ లోపలి నుంచి బయటికి రావడానికి పట్టే కాలం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30 మి.మీ. ముక్కకు ఆ మధ్య దశలో గంటకు 2.5 డిగ్రీలు. 25 గంటలు 100 గంటలవుతాయి. మందపాటి భాగాలకు ఈ పద్ధతి ఎందుకు ఖరీదో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. పెద్ద దిమ్మలు కోక్ పద్ధతిలో చేసి, సన్నని, బలమైన, మెత్తని గింజ కావాల్సిన భాగాలకే ఈ పొడి వాడటం సబబని మా అభిప్రాయం.

ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఫర్నేసు గోడ దగ్గర కాదు, ముక్కల మధ్య ఉండాలి. ముక్కల కింద గ్రాఫైట్ పలక మీద సన్నని గ్రాఫైట్ పొడి చల్లండి. 58 మి.మీ. బిళ్ల 51కి దిగుతూ పలక మీద జారాలి. జారకపోతే కింది ముఖం పట్టేసి, పైముఖం మాత్రమే కుంచించుకుని, గిన్నెలా వంగుతుంది. పలుచని పలకలైతే పైన కూడా గ్రాఫైట్ బరువు పెట్టండి.

ఇంకోటి, ఫర్నేసు నుంచి గ్యాస్ పోయే గొట్టం. వచ్చే ఆవిరిలో తారు ఉంటుంది, చల్లని గొట్టంలో అది పేరుకుని కొన్ని విడతల్లోనే దారి మూసేస్తుంది. గొట్టాన్ని హీటర్ టేపుతో వేడిగా ఉంచి, ఆవిరిని 850 డిగ్రీల దగ్గర తగినంత గాలితో మండించే చాంబరులోకి పంపాలి. దారి మూసుకుంటే ఫర్నేసు లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది ముక్కల సమస్య కాదు, మనుషుల ప్రాణాల సమస్య.

ప్ర: వొలటైల్ 13 శాతం ఉన్న పొడి చాలా నిల్వ ఉంది. పారేయలేం. ఏదైనా దారి ఉందా?

జ: ఉంది. పొడిని పలుచగా పరిచి, గాలి ఆడేలా, 200 నుంచి 250 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉంచండి. ఆక్సిజన్ గింజ పైభాగంలో చేరి అణువులను ఒకదానికొకటి ముడివేస్తుంది, తర్వాత వేడి చేసినా గింజ అంతగా మెత్తబడదు. పిచ్ దారాలను కార్బన్ ఫైబర్‌గా కాల్చే ముందు గట్టిపరచడానికి చేసేది కూడా ఇదే. మొదట్లో బరువు తగ్గదు, స్వల్పంగా పెరుగుతుంది. ఆక్సిజన్ చేరుతోందనడానికి అదే గుర్తు.

పొర 5 మి.మీ. మించకూడదు. ఈ చర్యలో వేడి పుడుతుంది. మందంగా పోస్తే అడుగున వేడి పోగుపడి పొడి తనంతట తానే రాజుకుంటుంది. అరగంటకోసారి నమూనా తీసి బిళ్ల నొక్కి కాల్చి చూసి ఎక్కడ ఆపాలో నిర్ణయించుకోండి. ఎక్కువ చేస్తే గింజ మీద తడి మొత్తం పోయి సుద్ద ముక్కలే వస్తాయి, ఆ పొడిని మళ్లీ వెనక్కి తేలేరు. ఇంకా సులువైన దారి, మీ దగ్గర 8 శాతం పొడి కూడా ఉంటే రెండూ బాగా కలిపి వాడి చూడటం.

ప్ర: నైట్రోజన్ సిలిండర్లు దొరకడం కష్టంగా ఉంది. కోక్‌లో పాతిపెట్టి కాల్చవచ్చా?

జ: కాల్చవచ్చు. మూత ఉన్న స్టీలు పెట్టెలో 1 నుంచి 3 మి.మీ. కోక్ గింజలు పోసి, ముక్కల చుట్టూ అన్ని వైపులా కనీసం 50 మి.మీ. ఉండేలా పాతండి. లోపలికి చొరబడే ఆక్సిజన్‌ను కోక్ తినేస్తుంది. కోక్ ఎండినది కావాలి, తడి ఆవిరి కార్బన్‌ను తినేస్తుంది. ముక్కకు కోక్ గింజల గుర్తులు పడకుండా చుట్టూ మెత్తని గ్రాఫైట్ పొడి పొర వేయండి. చల్లారకముందే పెట్టె తెరిస్తే ముక్కల మూలలు కాలిపోతాయి, 400 డిగ్రీల పైన కార్బన్‌కు గాలి పడదు.

ప్ర: 1000 డిగ్రీల దగ్గర ఆపేయాలా, గ్రాఫైట్ చేయాలా?

జ: భాగం ఏం పని చేయాలో దాన్ని బట్టి. 1000 దగ్గర ఆపినది గట్టి కార్బన్. అరుగుదలను తట్టుకుంటుంది, వేడిని అంతగా తీసుకెళ్లదు, కోయడం కష్టం. సీల్ రింగులు, వేన్లు, బేరింగులు దీంతోనే. 2500 నుంచి 2800 డిగ్రీలకు తీసుకెళ్తే పొరలు సర్దుకుని గ్రాఫైట్ అవుతుంది. మెత్తబడుతుంది, కరెంటును, వేడిని బాగా తీసుకెళ్తుంది, కోయడం తేలిక. స్పార్క్ ఎరోషన్ (కరెంటు రవ్వలతో లోహాన్ని కోసే పద్ధతి) ఎలక్ట్రోడ్లకు, క్రూసిబుళ్లకు, పోత డైలకు ఇదే కావాలి. కార్బన్‌ను కరెంటుతో ఇంత వేడికి తీసుకెళ్లి గ్రాఫైట్ చేసే పద్ధతికి ఎడ్వర్డ్ ఏచిసన్ 1896లో పేటెంటు పొందాడు.

గ్రాఫైట్ అయ్యేటప్పుడు ఇంకో 3 శాతం వరకు కుంచించుకుంటుంది. పైన చెప్పిన 1.72 సాంద్రత 1.85 దాకా చేరుతుంది. ఆ లెక్క డైలో ముందే కలపాలి. 2000 డిగ్రీల పైన నైట్రోజన్ వద్దు, ఆర్గాన్ వాడండి. ఆ వేడిలో నైట్రోజన్ కార్బన్‌తో కలిసి సైనోజన్ అనే విషవాయువు ఇస్తుంది.

సరిగ్గా కాలిందో లేదో తెలుసుకోవడానికి కరెంటు నిరోధకత కొలవడం చవకైన దారి. నాలుగు మొనల మీటరుతో ఒక్క నిమిషం పని. 1000 దగ్గర కాలినది 40, 50 మైక్రో ఓమ్-మీటర్ల దగ్గర ఉంటుంది, గ్రాఫైట్ చేసినది 10, 15కు దిగుతుంది. ఒకే విడతలో ఒక మూల ముక్కల అంకె ఎక్కువగా ఉంటే ఫర్నేసు ఆ మూల చల్లగా ఉందని అర్థం.

ప్ర: కార్బైడ్ టిప్పు నాలుగు రింగులకే పోతోంది.

జ: గట్టి కార్బన్‌కు డైమండ్ టిప్పే, లేదా డైమండ్ గ్రైండింగ్ వీల్. కార్బైడ్ గ్రాఫైట్‌కు సరిపోతుంది. టూలు బయటికి వచ్చే అంచు దగ్గర పెచ్చులు ఊడుతుంటే అక్కడ పాత కార్బన్ ముక్కను ఆనించి కోయండి. నీళ్లు పోయకుండా పొడిగా కోసి, దుమ్మును టూలు పక్కనే గొట్టంతో లాగేయాలి. ఈ దుమ్ము కరెంటును మోస్తుంది, మెషిను ప్యానెలులో చేరితే షార్టు ఖాయం.

ప్ర: సీల్ రింగు కొలతల్లో సరిగ్గానే ఉంది, గాలి పరీక్షలో మాత్రం లీకవుతోంది.

జ: కాలిన కార్బన్‌లో సన్నని రంధ్రాలు మిగలడం సహజం. రింగును వాక్యూమ్‌లో పెట్టి గాలి తీసి, ఫినాలిక్ రెజిన్ ఎక్కించి, ఒత్తిడి కింద గట్టిపరచండి. అది 200 డిగ్రీల దాకా పనిచేస్తుంది. అంతకన్నా వేడి చోట్లకు కరిగిన ఆంటిమనీ ఎక్కించిన రకం వాడతారు. ముందు రఫ్ మెషినింగు చేసి ఎక్కించి, తర్వాత ఫినిష్ చేయండి. ఒకవేళ ఒకే చోటి నుంచి బుడగలు ధారగా వస్తుంటే అది రంధ్రం కాదు, బీట. రెజిన్ దాన్ని నయం చేయదు.

ప్ర: పొడి దగ్గర పనిచేసినవాళ్లకు ఎండలోకి వెళ్తే ముఖం మండుతోంది, ఎర్రబడుతోంది. అలర్జీనా?

జ: అలర్జీ కాదు. పిచ్ దుమ్ములోని పదార్థాలు చర్మంలో చేరి, ఎండ తగలగానే కాలిన గాయంలాంటి మంట పుట్టిస్తాయి. పిచ్ పని చేసే చోట్ల ఇది ఎప్పటినుంచో తెలిసిన జబ్బే. అసలు ప్రమాదం దానికంటే పెద్దది: పనిచోట కోల్‌తార్ పిచ్‌కు గురికావడాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. మీసోఫేజ్ పొడిలో తేలికపాటి భాగాలు తగ్గినా పూర్తిగా పోవు, ఫర్నేసు ఆవిరిలో అవి గాఢంగా ఉంటాయి.

పొడి పోసే చోట దుమ్ము లాగే హుడ్ తప్పనిసరి. మనిషికి సరైన ఫిల్టరు మాస్కు, పొడవు చేతుల దుస్తులు, చేతి తొడుగులు ఉండాలి. పని అయ్యాక బయటికి వెళ్లేముందే సబ్బుతో స్నానం. సాల్వెంటుతో చేతులు కడగడం మాన్పించండి, అది పిచ్‌ను చర్మం లోపలికి తీసుకెళ్తుంది. ఆ దుస్తులు ఇంటికి వెళ్లకూడదు, పనిచోటే ఉతకాలి. నేలను కంప్రెస్డ్ గాలితో ఊదడం కూడదు. గాలిలో తేలే పిచ్ దుమ్ము నిప్పురవ్వకు పేలుతుంది, కాబట్టి మర, జల్లెడ, డ్రమ్ములు అన్నిటికీ ఎర్తింగు ఉండాలి.

ప్ర: డై లేకుండా త్రీడీ ప్రింటింగుతో ఈ పొడిని ఆకారం చేయవచ్చా?

జ: ఆకారం వస్తుంది, సాంద్రత రాదు. ప్రింటరు పరిచే పొరలో పొడిని నొక్కే బలం లేదు. గింజలు కొద్ది చోట్లే తాకుతాయి, మెడలు కొద్ది చోట్లే పడతాయి. సంకోచం ఎక్కువ, బలం తక్కువ. అయితే రంధ్రాలే కావాల్సిన చోట ఇది లోపం కాదు. ప్రింటు చేసి కాల్చిన రంధ్రాల ముక్కలోకి 1414 డిగ్రీల పైన కరిగిన సిలికాన్ ఎక్కిస్తే కార్బన్‌తో కలిసి సిలికాన్ కార్బైడ్ అవుతుంది. మెలికలు తిరిగిన భాగాలకు అది మంచి దారి.

ప్ర: ఆరు నెలల కిందట బాగా పనిచేసిన డ్రమ్మే ఇప్పుడు బలం లేని ముక్కలిస్తోంది. పొడి పాతబడుతుందా?

జ: పాతబడుతుంది. ఇంత మెత్తని పొడికి గాలి తగిలే వైశాల్యం చాలా ఎక్కువ. మూత సరిగ్గా లేని డ్రమ్ములో, వేడి గోదాములో, ఆక్సిజన్ గింజ మీదికి నెమ్మదిగా చేరుతూనే ఉంటుంది. మీరు 250 డిగ్రీల దగ్గర కావాలని చేసే పనిని గోదాము నెలల తరబడి చేస్తుంది. తేమ కూడా చేరుతుంది. ముందు 110 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఆరబెట్టి బిళ్ల కాల్చి చూడండి. బలం తిరిగొస్తే తేమే కారణం. రాకపోతే ఆక్సిజన్ చేరింది, ఆ పొడిని వొలటైల్ కాస్త ఎక్కువున్న తాజా పొడిలో 10 శాతం, 20 శాతం చొప్పున కలిపి, ప్రతి పాళ్లకూ మూడేసి బిళ్లలు కాల్చి ఎంతవరకు భరిస్తుందో చూడండి. కొత్త డ్రమ్ములను ఇకమీదట లోపల ప్లాస్టిక్ సంచితో, నైట్రోజన్ నింపి, నీడలో ఉంచి, తెరిచిన తేదీ డ్రమ్ము మీదే రాయండి.